వీధివైపు వాళ్ళది, పెరటివైపు మనది

దోమతెర మీద పొడి కనపడింది. బొంబాయి రవ్వ కంటే సన్నగా, లేత పసుపు రంగులో, సరిగ్గా మా బాబు ముఖానికి పైన. ఆ దోమతెర పొద్దున్నే ఉతికి ఎండలో ఆరేసి, వాడు అన్నం తిని పడుకునే ముందే కట్టాను. వాడు ఇంకా ఒక పక్క నుంచి రెండో పక్కకి కూడా తిరగలేదు. తలెత్తి చూశాను. గోడలోకి దూరిన చోట దూలం రంగు మిగతా దూలం రంగులా లేదు. స్టూలు ఎక్కి చిటికెన వేలి గోరు గుచ్చాను. ఉడికిన కందలోకి దిగినట్టు దిగింది.

భయమేసింది అప్పుడే. అరవలేదు. స్టూలు దిగి, వాణ్ణి నిద్రలోనే ఎత్తుకుని హాల్లోకి తెచ్చి చాప మీద పడుకోబెట్టి, వాడి చెవుల్లో, జుట్టులో పొడి ఉందేమోనని వెతుకుతూ కూర్చున్నాను. బడి నుంచి వచ్చిన మా పాప మేఘన "తమ్ముడికి పేలు పడ్డాయా అమ్మా?" అని అడిగింది.

ఆ ఇల్లు మాదే. చిన్నప్పటి నుంచి అద్దె వాటాల్లో పెరిగినదాన్ని కాబట్టి ఈ మాట రాసుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. మా నాన్నగారి ఉద్యోగం వల్ల కాకినాడ, తణుకు, రాజమండ్రి అని ఊళ్ళు మారాం గాని ఇంటివాళ్ళ షరతులు మాత్రం మారలేదు. గోడకి మేకులు కొట్టకూడదు. మా అమ్మ క్యాలెండరుని కిటికీ ఊచకి దారంతో కట్టేది, గాలి వేస్తే నెలలన్నీ గిరగిరా తిరిగేవి. మేడ మీదికి వెళ్ళకూడదు, అది ఇంటివాళ్ళది. అక్కడి నుంచి గోదావరి కనపడుతుందని ఇంటివాళ్ళ అమ్మాయి చెబితే వినడమే.

అందుకే పెళ్ళయ్యాక రాజమండ్రిలో గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల ఈ పాత పెంకుటిల్లు అమ్మకానికి ఉందని తెలిసినప్పుడు, మా వారి కంటే ముందు నేనే సరేనన్నాను. బ్యాంకు లోను పెట్టి కొన్నాం. నాలుగేళ్ళు పోయాక పడగొట్టి మేడ కడదామని అనుకున్నాం. మేడ మీద పడమటి వైపు ఒక గది, ఆ గదికి పెద్ద కిటికీ. పిల్లలిద్దరికీ అన్నం పెట్టేటప్పుడల్లా ఆ కిటికీ కథే చెప్పేదాన్ని. మేఘన ఆ మేడ బొమ్మ గీసింది కూడా. మేడ, కిటికీ, కిటికీలో నేను, నా ముందు గోదావరి, గోదావరిలో ఇంటికంటే పెద్ద పడవ. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాం.

ఈలోగా గవర్నమెంటువాళ్ళు మా వీధిని, పక్క వీధుల్ని కలిపి, కాపాడాల్సిన పాత వీధుల జాబితాలో పెట్టారు. వీధి వైపు గోడ, తలుపులు, కిటికీలు, అరుగు, పెంకుల కప్పు మార్చకూడదు. రోడ్డు మీంచి కనపడేలా పై అంతస్తు వేయకూడదు. వాళ్ళు చెప్పిన పద్ధతిలో, అంటే సిమెంటు కాకుండా సున్నంతో, స్లాబు కాకుండా కర్రతో, పెంకుతో బాగుచేయించుకుంటే ఖర్చులో సగం విడతలుగా తిరిగి ఇస్తారు. ఇంటి పన్ను కూడా కొంత తగ్గుతుంది. కాకపోతే ఆ సాయం ఒకసారి తీసుకున్నాక పదేళ్ళ దాకా షరతు తప్పకూడదు, తప్పితే తీసుకున్నదంతా కట్టెయ్యాలి.

సాయం వద్దనుకున్నా షరతులు పోవు. లేదంటే అమ్మెయ్యాలి. వెనక వీధిలో లాడ్జి నడిపే ఆయన మా పెరడు కోసం ఇల్లు కొంటానని రెండుసార్లు కబురు పెట్టాడు.

"అద్దెకున్నన్నాళ్ళూ ఇంటివాళ్ళు, ఇప్పుడు గవర్నమెంటు. నీ జాతకంలో ఇంటివాళ్ళు రాసిపెట్టి ఉన్నారు సుధా" అన్నారు మా వారు. ఆయన నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు. రెండు వారాలుగా పిల్లల్ని హాల్లో పడుకోబెట్టి, నేను పక్కన కూర్చుని పైకి చూస్తున్నాను.

మా వీధి చివర పాల బూత్ నడిపే లక్ష్మిగారి ఆడపడుచు అనసూయగారిది యానాం. అక్కడ వాళ్ళ పాత ఇంటిని ఇలాంటి సాయంతోనే బాగుచేయించారట. "దసరా అయిపోయిందిగా, ఒకసారి వెళ్ళి కళ్ళతో చూసి రండి. మా వదిన దాచుకుని మాట్లాడే మనిషి కాదండి" అన్నారు లక్ష్మిగారు.

"నువ్వే వెళ్ళు. నిద్ర పట్టనిది నీకు. నువ్వేమంటే అదే" అన్నారు మా వారు.

పిల్లలు పుట్టాక వాళ్ళను వదిలి ఒక రాత్రి వేరే ఊళ్ళో ఉండటం నాకు అదే మొదటిసారి.

కడియం దాటాక

రామచంద్రపురం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కడియంలో ఒకావిడ రెండు మొక్కల కుండీలతో ఎక్కి నా పక్కన కూర్చుని, ఒక కుండీని తన ఒళ్ళోనూ రెండోదాన్ని అడక్కుండానే నా ఒళ్ళోనూ పెట్టింది. గులాబీ మొక్క. కాస్త పట్టుకోండి, నేను దిగేదాకానే అంది. కుండీ అడుగున చిల్లు ఉన్న సంగతి, నా చీర మోకాళ్ళ దగ్గర తడిశాక గాని తెలియలేదు.

"అయ్యో, ఇప్పుడే నీళ్ళు పోశారండి నర్సరీవాళ్ళు. పర్లేదు, మంచినీళ్ళే."

"మన్ను కూడా ఉందండి" అన్నాను.

"మంచి మన్నండి అది, కడియం మన్ను. డబ్బిచ్చి కొనుక్కెళ్తారు" అంది ఆవిడ. వెనక సీటువాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను.

ఎక్కడికని అడిగింది. యానాం అనగానే నన్ను ఎగాదిగా చూసింది. యానాంలో మందు చవక కాబట్టి ఇటువైపు వాళ్ళు దానికోసమే వెళ్తారని ఆవిడ ఉద్దేశం. ఇల్లు చూడటానికని చెబితే తేలిగ్గా ఊపిరి తీసుకుని, పిల్లలెంతమంది, ఎవరి దగ్గర వదిలారు అని మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న దగ్గర అన్నాను.

"మగాయన దగ్గరా? అయితే పొద్దున్న బన్ను, మధ్యాహ్నం బన్ను" అంది.

సరదాకే అంది గాని నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మా వారికి ఫోన్ చేశాను. ఉప్మా చేశారట, అడుగంటిందట, పిల్లలకి ఆ అడుగే నచ్చిందట. వెనక నుంచి మా బాబు ఏదో పాడుతున్నాడు. నేను లేకపోయినా పాడుతున్నాడని సంతోషించాలో బాధపడాలో తెలియక, ఒళ్ళో ఉన్న మొక్కకి నాలుగు ఎండుటాకులు తుంచాను.

ద్రాక్షారామం

రామచంద్రపురంలో బస్సు మారి ద్రాక్షారామం చేరాను. యానాం బస్సు రావడానికి సమయం ఉందంటే గుడికి వెళ్ళాను. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చినదాన్ని. ఇక్కడ స్వామిని కింద ఒకసారి చూసి, మెట్లెక్కి పై అంతస్తులో మళ్ళీ చూడాలి. లింగం అంత ఎత్తు. ఇరుకు మెట్లెక్కుతుంటే, నాకు లేని మేడ స్వామికి ఉందే అనిపించింది. గుళ్ళో నిలబడి దేవుణ్ణి చూసి అసూయపడటం బాగుండదని మెట్ల మీదే ఆగి చెంపలేసుకున్నాను. నా ముందున్న పెద్దావిడ వెనక్కి తిరిగి "మోకాళ్ళ నొప్పా అమ్మా?" అని అడిగింది. ఆవిణ్ణి చూస్తే అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఇంటి బెంగండి" అన్నాను.

"ఇల్లు కట్టాలనా?"

"కట్టనివ్వరనండి."

ఆవిడ "కట్టనివ్వకపోతే ఉన్నదాన్లోనే ఉండు" అని పైకెక్కిపోయింది. ఆవిడకు అది పెద్ద విషయంగా కనపడలేదు. బయటికి వచ్చేసరికి నా చెప్పు తెగి ఉంది. చెప్పుల స్టాండులో ఎవరో హడావుడిగా కాలు పెట్టి లాగినట్టున్నారు. గుడి ముందు కుట్టేవాడు ఇరవై తీసుకుని, రెండో చెప్పు కూడా ఎలాగూ తెగుతుందని చెప్పి దానికీ కుట్టు వేసి, దానికి మాత్రం డబ్బు తీసుకోలేదు.

యానాం

యానాం వచ్చామని మొదట పోలీసు కానిస్టేబుల్ టోపీ చెప్పింది. ఎర్రగా, నిటారుగా, మనవైపు టోపీలా అస్సలు ఉండదు. తర్వాత మందు దుకాణాలు. మిగతాదంతా మన ఊరే. అదే మాట, అదే గోదావరి, అవే కొబ్బరిచెట్లు. నడిచి వెళ్తుంటే కొన్ని వీధుల్లో మాత్రం ఎత్తు తలుపులు, అడ్డపట్టీల చెక్క కిటికీలు ఉన్న ఇళ్ళు కనపడతాయి, ఫ్రెంచివాళ్ళ కాలం నాటివి.

అనసూయగారి ఇల్లు అలాంటిదే. లేత గోధుమరంగు సున్నం, తెల్ల అంచులు, ఆకుపచ్చ కిటికీలు. గుమ్మంలో నిలబడితే ఇల్లు చాలా బుద్ధిమంతుడిలా ఉంది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. వాళ్ళాయన ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు, సాయంత్రం గాని రారు.

"నువ్వేనా అమ్మాయ్, మా వదిన చెప్పిన భయస్తురాలివి? రా, ముందు కాళ్ళు కడుక్కో. ఆ చీరకేంటి మట్టి?"

"కడియం మన్నండి పిన్నిగారూ."

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాను. ఇంటి వెనక గోడంతా గులాబీ రంగు. మామూలు గులాబీ కాదు, పెళ్ళిళ్ళలో పంచే కొబ్బరి లడ్డూ రంగు. దాని మీద చిలకాకుపచ్చ అంచు.

ఆవిడ నా వెనక వచ్చి నిలబడి మెల్లగా చెప్పింది. "వీధివైపు ఏ రంగు వెయ్యాలో వాళ్ళే చెప్తారు. మూడో నాలుగో రంగులు చూపిస్తారు, అన్నీ ఉడకబెట్టిన బంగాళదుంప రంగులే. నాకేమో పెళ్ళయినప్పటి నుంచీ గులాబీ ఇల్లు ఉండాలని. ఆఫీసులో అడిగేశాను, పెరటివైపు కూడా మీదేనా అని. అది మీ ఇష్టమండి అన్నాడు ఆ అబ్బాయి. అంతే. వీధివైపు వాళ్ళది, పెరటివైపు మనది."

"ఆ ఆఫీసు అబ్బాయి చూశాడా దీన్ని?"

"చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు" అంది.

నేను చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

ముద్దపప్పు, దొండకాయ వేపుడు, పలచటి చారుతో భోజనం పెట్టింది. చారులో బెల్లం వేస్తారు వాళ్ళు, మా ఇంట్లో వెయ్యం. తింటున్నంతసేపూ అడుగుతూనే ఉన్నాను. ఆవిడ తీపి కబుర్లతో ఆగలేదు, చేదూ చెప్పింది. ముందు మన చేతి డబ్బు పెట్టుకోవాలి, పని చూసి వెళ్ళాక వాళ్ళు విడతగా ఇస్తారు. మొదటి విడత త్వరగా వచ్చింది, ఆఖరి విడత కోసం చాలాసార్లు తిరిగారు. కప్పు విప్పినన్నాళ్ళు అద్దెకు ఉన్నారు. సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం పాలకొల్లు దాకా వెతికారు. కర్ర ఇంకా ఖరీదు.

"అన్నిటికంటే ఏది బాధండి?" అని అడిగాను.

ఆవిడ అన్నంలో మజ్జిగ కలుపుకుంది. "ముందు గది. దానికి షట్టరు పెట్టిస్తే మందు కొట్టుకి అద్దెకి తీసుకుంటామని వచ్చారు. మంచి అద్దె. షట్టరు పెట్టకూడదన్నారు, వీధివైపు కదా. ఆ అద్దె తలుచుకుంటే ఇప్పటికీ ఇదిగో, ఇక్కడ గిలగిలలాడుద్ది." గుండె మీద కాదు, పొట్ట మీద చెయ్యి వేసి చూపించింది.

తర్వాత నన్ను నడవ పక్క గదిలోకి తీసుకెళ్ళింది. పైన పాత టేకు దూలం, నల్లగా. గోడ దగ్గరికి వచ్చేసరికి మూరెడు పొడవున రంగు మారి ఎర్రగా ఉంది. పుచ్చిన చివరను కోసేసి, అంతే లావు కొత్త టేకు ముక్కను నాలుకలా చెక్కి పాతదానిలోకి దూర్చి, చుట్టూ ఇనుప పట్టీ బిగించారు.

"దూలమంతా తీసేస్తామేమో అనుకున్నాను నేనూ. అక్కర్లేదంట. పుచ్చినంత మేరే తీశారు. గోడలో అది దూరే చోట కాస్త ఖాళీ వదిలారు, గాలి ఆడటానికి."

"పొడి రాలుతుందా ఇప్పుడు?"

"నువ్వే చూసుకో. ఇక్కడ నడుం వాల్చు కాసేపు, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

ఆవిడ వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, సంచిలోంచి నా నీలం రంగు చున్నీ తీశాను. ముదురు రంగు గుడ్డ మీద ఏం పడినా తెలుస్తుంది. సరిగ్గా అతుకు కింద, మడతలు లేకుండా పరిచి, దాని పక్కనే చాప మీద పడుకున్నాను. ఇతరుల ఇంట్లో అలా గుడ్డ పరచడం మర్యాద కాదని తెలుసు. అయినా పరిచాను. పైకి చూస్తూ ఉండాలనుకున్నాను. పిల్లలు ఈపాటికి హాల్లో పడుకుని ఉంటారు, బాబు వాళ్ళ నాన్న చొక్కా గుండీ పట్టుకుని ఉంటాడు, నేను పక్కనుంటే నా చెవి పట్టుకుంటాడు అనుకుంటూ, నా చెవిని నేనే పట్టుకున్నాను.

మెలకువ వచ్చేసరికి గది చీకటిగా ఉంది. ఉలిక్కిపడి చున్నీ వైపు చూశాను. దాని మీద తెల్లటి పొడి. మధ్యలో కొంచెం, అంచున ఇంకా ఎక్కువ. లేచి కూర్చున్నాను. ఇక్కడ కూడా అదే, అంత ఖర్చు పెట్టి బాగుచేయించిన ఇంట్లో కూడా అదే. ఇల్లు అమ్మేద్దామని మా వారికి ఫోన్ చేయబోయి, ముందు వేలితో ఆ పొడిని అద్దుకుని చూశాను. తెల్లగా, మెత్తగా ఉంది. కర్ర పొడి కాదు. పచ్చి బియ్యం వాసన వచ్చింది. బియ్యప్పిండి.

నేను పడుకునేటప్పుడు తెరిచి ఉన్న కిటికీ రెక్కలు ఇప్పుడు మూసి ఉన్నాయి. వాటి గడియ మీద కూడా తెల్లటి వేలిముద్రలు ఉన్నాయి.

బయటికి వచ్చి అడిగితే, "ఎండ నీ మొహం మీద పడుతోందని మూశానమ్మా. ముగ్గు వెయ్యబోతున్నాను, చేతికి పిండి ఉంది. నీ చున్నీ పాడైందా?" అంది అనసూయగారు. తర్వాత నా మొహం చూసి, ఏం జరిగిందో అర్థం చేసుకుని, పిండి గిన్నె కింద పెట్టింది. "మా అమ్మాయి పురిటికొచ్చినప్పుడు ఆ గదిలోనే చంటిపిల్లని వేసేవాళ్ళం. రోజూ పక్కన నా నల్ల పరికిణీ పరిచేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. బాలింత తిరిగి వెళ్ళేదాకా పరిచాను."

"ఏమైనా పడిందా?"

"ఒకసారి బల్లి పడింది" అంది.

నేను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. బియ్యప్పిండికి భయపడ్డందుకు కాదు. దోమతెర మీద పొడి చూసిన రోజు నుంచి నేను అలా ఒళ్ళు తెలియకుండా నిద్రపోలేదు. ఆ గదిలో, ఆ అతుకు కింద పడుకుని, ఒక మనిషి వచ్చి కిటికీ మూసి వెళ్ళినా తెలియనంతగా నిద్రపోయాను.

అరుగు మీద

పొద్దున్న ముగ్గు వెయ్యడం అందరం చేసేదే. సాయంత్రం, దీపాల వేళకి, అరుగు మీద ముగ్గు వెయ్యడం నేనెక్కడా చూడలేదు. అది కూడా మధ్యలో కాదు, అరుగు ఈ చివర నుంచి ఆ చివరిదాకా, మెట్లు తప్ప చోటు వదలకుండా.

"ఇదేంటండి, పండగా?"

"పండగే, తాగినోళ్ళ పండగ. కూర్చుని చూడు."

చీకటి పడుతుండగా ఆ పండగ మొదలైంది. తాళ్ళరేవు వైపు నుంచి, అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మగవాళ్ళు, దుకాణాల్లో పని ముగించుకుని, తిరుగు బస్సుకి ముందు కాస్త కూలబడే చోటు వెతుక్కుంటారు. అరుగులు ఉన్నవి దానికే అన్నట్టు వస్తారు. గ్రిల్లు పెట్టించుకోవచ్చుగా అని నా నోటిదాకా వచ్చింది. జవాబు నాకే తెలుసు. వీధివైపు వాళ్ళది. మా రాజమండ్రి ఇంటి అరుగుకి కూడా గ్రిల్లు పెట్టనివ్వరని తెలిసినప్పుడు నేను ఏడ్చినంత పని చేశాను, పిల్లలు వీధిలోకి పరిగెత్తుతారని.

ఒకాయన వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, మనిషే నలిగిపోయాడు. కూర్చోబోయి ముగ్గు చూసి ఆగాడు. రెండడుగులు పక్కకి వేసి చూశాడు, అక్కడా ముగ్గే. ఇంకా పక్కకి వెళ్ళాడు. ఆఖరికి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అంచు వెంబడే జాగ్రత్తగా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, తొక్కలేదు."

"చూశాన్లే తమ్ముడూ. బస్సు పోద్ది, వెళ్ళు."

"బస్సు ఆగుద్దక్కా. డ్రైవరు మా బావ."

"మీ బావ కూడా ఇక్కడే కూర్చుని వెళ్ళాడు ఇందాక."

అతను అది నిజమా కాదా అని కాసేపు ఆలోచించి, ఆ ఆలోచనతోనే లేచి వెళ్ళిపోయాడు. ఎంత తాగినా ముగ్గు తొక్కరు, పెళ్ళాం మొహం గుర్తొస్తుందో తల్లి మొహం గుర్తొస్తుందో అంది అనసూయగారు. గ్రిల్లు పెట్టుకోనివ్వలేదని కోపంతోనే మొదలుపెట్టిందట ఈ సాయంత్రం ముగ్గు. ఇప్పుడు వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు కూడా వేస్తున్నారు. తలతిప్పి చూశాను. దీపాల కింద వరసగా అరుగులన్నీ తెల్లగా ఉన్నాయి.

"మీరైతే ఏం చెయ్యమంటారు పిన్నిగారూ? సాయం తీసుకోమంటారా, అమ్మెయ్యమంటారా?"

"నేను చెప్పను. తర్వాత దూలం పుచ్చినా, పన్ను పెరిగినా నన్ను తిట్టుకుంటావు." పిండి అంటిన వేళ్ళు చీరకి తుడుచుకుంది. "నీకేం కావాలో అది వీధివైపు ఉందో పెరటివైపు ఉందో చూసుకో. పెరటివైపుంటే గొడవే లేదు."

నాకు కావలసినది వీధివైపే ఉంది. పైన, పడమటి వైపు, పెద్ద కిటికీతో. ఆవిడకి అది చెప్పలేదు.

మర్నాడు, వంతెన మీద

పొద్దున్నే తూర్పు గాలి వీస్తోందని అనసూయగారు నన్ను రేవుకి లాక్కెళ్ళింది. దసరా వెళ్ళాక ఈ గాలితో చీరమేను వస్తుంది. సూది కంటే సన్నటి చేపపిల్లలు, వలకి ఆగవు కాబట్టి చీర పరిచి పడతారు. తూకం లేదు, గ్లాసుతో, బకెట్టుతో కొలిచి అమ్ముతారు. టీ గ్లాసుడు వందన్నారు. అనసూయగారు బేరమాడి ఎనభైకి తెచ్చి, కొసరు కూడా వేయించుకుంది. చింతకాయ వేసి వండింది. ఇన్నేళ్ళు గోదావరి ఒడ్డునే ఉండి ఇది నేను తినలేదంటే ఆవిడ నమ్మలేదు. మా పిల్లలకని చిన్న డబ్బాలో పెట్టింది. బస్సు ఎక్కించేటప్పుడు, "ఆ చున్నీ ఉతికేస్తే పోద్దిలే" అంది.

తిరుగు దారి ఎదుర్లంక వంతెన మీదుగా, అమలాపురం వైపు నుంచి పెట్టుకున్నాను. వంతెన ఎక్కగానే బస్సులో మాటలన్నీ ఒక్కసారి తగ్గాయి, లేదా నాకే వినపడలేదేమో. ఇటు అటు నీళ్ళే. ఎక్కడో దూరంగా చిన్న పడవ, దాని వెనక సన్నటి గీత. సముద్రం వైపు ఆకాశమూ నీరూ ఒకే రంగు. చిన్నప్పుడు ఇంటివాళ్ళ అమ్మాయి మేడ మీంచి చూసి చెప్పిన గోదావరి ఇలాగే ఉండేదేమో. నాకు ఉండబోయే కిటికీలోంచి రోజూ పొద్దున ఇలాగే కనపడేదేమో. పిల్లల తల దువ్వుతూ చూసేదాన్ని, వాన పడుతుంటే చూసేదాన్ని. కిటికీ ఊచల మధ్య మొహం పెట్టి, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. వంతెన అయిపోయింది. కొబ్బరితోటలు అడ్డం వచ్చాయి. ఆ కిటికీని అక్కడే వదిలేశానని అప్పుడే తెలిసింది. కళ్ళు తుడుచుకుంటుంటే, ముందు సీటులో పసిపిల్లాణ్ణి ఎత్తుకున్న అమ్మాయి "గాలండీ, దుమ్ము పడుద్ది, అద్దం వేసుకోండి" అంది.

రావులపాలెం దగ్గర టైరు పంక్చరయింది. ఇంటికి చేరేసరికి పిల్లలు హాల్లో నిద్రపోతున్నారు. మా వారు ఎలా ఉందని కళ్ళతోనే అడిగారు. "సాయం తీసుకుందాం. ముందు దూలం" అన్నాను. ఆయన సరేనన్నారు. పుల్లగా వాసన వస్తోందేంటని డబ్బా మూత తీసి, నిలబడే సగం తినేశారు.

ఇది రాస్తున్న ఈ రాత్రికి మా ఇంటి కప్పు ఇంకా విప్పలేదు. పిల్లలింకా హాల్లోనే పడుకుంటున్నారు. నేను ఇంకా పైకి చూస్తూనే ఉన్నాను, అప్పటంత కాదు. మీ వీధి కూడా అలాంటి జాబితాలోకి వస్తే, ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళి ఒక పూట పడుకుని రండి. కాయితాల్లో ఉన్నదంతా నేను చదివాను. నిద్ర పడుతుందో లేదో వాటిలో రాయలేదు.

పొద్దున్న

నేను యానాం నుంచి తిరిగొచ్చిన మర్నాడు లేస్తూనే మేఘన నా మెడకి చుట్టుకుంది. బాబు నా చెవి పట్టుకుని వదల్లేదు. మిగిలిన చీరమేను అన్నంలో కలిపి ఇద్దరికీ ముద్దలు పెడుతుంటే, మేఘన ఫ్రిజ్ తలుపు వైపు చూసి అడిగింది. "ఇల్లు చూసొచ్చావుగా అమ్మా, మన మేడ ఎప్పుడు కడతారు?"

దానితో ఆ కథ చెప్పినది నేనే కాబట్టి, ఇదీ నేనే చెప్పాలి.

"మన ఇంటికి మేడ ఉండదమ్మా. మీ గదిలో దూలం పాడైంది, దాన్ని బాగుచేస్తారు. కప్పంతా విప్పుతారు, అప్పుడు కొన్నాళ్ళు మనం అద్దింట్లో ఉంటాం. ఆ ఇంటివాళ్ళు గోడకి మేకులు కొట్టనివ్వరు, మీరు అల్లరి చెయ్యకూడదు. గోదావరిని చూడాలంటే సాయంత్రాలు నడిచి వెళ్దాం, నేనూ వస్తాను. మన ఇంటికి తిరిగొచ్చాక మీ గదిలో గోడకి నువ్వే ఒక మేకు కొడుదువుగాని, నీకెక్కడ ఇష్టమైతే అక్కడ, ఎవరినీ అడగక్కర్లేదు. దానికి నీ మేడ బొమ్మ తగిలిద్దాం."